రెండో డీయూఐ: 45 రోజుల జైలా, ఏడాదిన్నర ట్రీట్‌మెంట్ కోర్టా?

వేపచెట్టు
అమెరికాలో డీయూఐ (తాగి బండి నడిపిన నేరం) కోర్టుల సంగతి తెలిసినవాళ్ళు కాస్త విడమర్చి చెప్పండి. పిన్నికొడుకు ఒకడు హెచ్-1బీ మీద ఉన్నాడు, తాగి నడిపి రెండోసారి దొరికాడు. ప్రాసిక్యూటర్ రెండు దార్లు పెట్టాడు. ఒకటి 45 రోజులు కౌంటీ జైలు, ఆ తర్వాత మూడేళ్ళు ప్రొబేషన్ (జైలు బయట షరతుల మీద నిఘా). రెండోది డీయూఐ కోర్టు, అదే ట్రీట్‌మెంట్ కోర్టు, 18 నెలలు. లాయరేమో "ప్రోగ్రామ్ తీసుకో, జైలు తప్పుతుంది" అంటున్నాడట. తీరా ఒప్పందం చూస్తే 22 పేజీలు. వారానికి రెండుమూడుసార్లు యూరిన్ టెస్టు, రెండు వారాలకోసారి జడ్జి ముందు హాజరు, వారానికి మూడు గ్రూపు కౌన్సెలింగ్‌లు, కారుకి ఊదుడు మెషీన్, కౌంటీ దాటాలంటే పర్మిషన్. ఇది రాయితీ ఎలా అయిందో నాకు బోధపడలేదు. వచ్చే గురువారంలోగా సంతకం పెట్టాలి.

చేదునిజం
జైలే నయం. కళ్ళు మూసుకుంటే 45 రోజులు అయిపోతాయి. ప్రోగ్రామంటే ఏడాదిన్నర మెడకి తాడు. పైగా ఆ తాడు ఖరీదూ మనదే.

పెసరట్టు
22 పేజీలూ సంతకానికి ముందే చదివారా! బాగా నడుచుకున్నవాళ్ళకి ఆ కోర్టులో చప్పట్లు కొట్టిస్తారు కదా, జడ్జిగారు మొదటి చప్పట్లు దానికే కొట్టించాలి.

నల్లకోటు
@చేదునిజం లెక్క తేడా కొట్టింది. 45 రోజుల్ని 18 నెలలతో పోల్చకూడదు. 45 రోజులు, ఆపైన మూడేళ్ళ ప్రొబేషన్. ఇదంతా ఒకవైపు, 18 నెలలు ఇంకోవైపు. మామూలు ప్రొబేషన్‌లోనూ తాగకూడదనే షరతు ఉంటుంది, టెస్టులు ఉంటాయి, ఇంటర్‌లాక్ (కారుకి పెట్టే ఆ ఊదుడు మెషీన్) ఉంటుంది. కాకపోతే అక్కడ తప్పితే వారెంటు పుట్టి, హియరింగ్ కొన్ని వారాలకో నెలలకో వస్తుంది. ఇక్కడ మరుసటి హియరింగ్‌లోనే తేలిపోతుంది.

"జైలు తప్పుతుంది" అన్న మాట కూడా సగమే నిజం. ఫెడరల్ చట్టంలో టైటిల్ 23, సెక్షన్ 164 అని ఒకటుంది. రెండో డీయూఐకి కనీసం 5 రోజుల జైలు లేదా 30 రోజుల కమ్యూనిటీ సర్వీస్, మూడోదానికి 10 రోజులు లేదా 60 రోజులు ఉండాలని దాని సారాంశం. రాష్ట్రం అలా పెట్టకపోతే దాని హైవే నిధుల్లో కొంత పక్కకి మళ్ళుతుంది. కాబట్టి కనీస శిక్ష చాలాచోట్ల పోదు. మిగతా శిక్షని వేలాడదీసి ఉంచుతారు. ప్రోగ్రామ్ పూర్తయితే అది దిగిపోతుంది, మధ్యలో వెళ్ళగొడితే మొత్తం మీద పడుతుంది. వెళ్ళగొట్టినప్పుడు అప్పటిదాకా చేసిన నెలలకి ఏమైనా లెక్క కడతారా లేదా, ఆ 22 పేజీల్లో ఆ వాక్యం ఎక్కడుందో ముందు వెతికించండి. చాలా ఒప్పందాల్లో అది ఒక్క లైనే ఉంటుంది.

మాటసాయం
లెక్కలకన్నా ముందు ఒక ప్రశ్న. అసెస్‌మెంట్ జరిగిందా?

రెండు కొలతలు తీస్తారు. మళ్ళీ తాగి నడిపే ప్రమాదం ఎంత, వ్యసనం ఎంత లోతుకి దిగింది. రెండూ ఎక్కువ ఉన్నవాళ్ళ కోసమే ఈ కోర్టు కట్టారు. తాగుడు వ్యసనం కాని మనిషి రెండుసార్లు తెలివితక్కువై దొరికితే వాణ్ణి వారానికి మూడు గ్రూపుల్లో కూర్చోబెట్టడం వృథా. ముదిరిన వాళ్ళ మధ్య నెలల తరబడి కూర్చుని చెడిపోవడం కూడా జరుగుతుంది. ఇంకో చిక్కుంది. మామూలు నేరస్థులకి వాడే ప్రశ్నావళిలో ఉద్యోగం ఉందా, ఇల్లుందా, పాత కేసులున్నాయా అని అడుగుతారు. డీయూఐ వాళ్ళకి ఇవన్నీ బాగానే ఉంటాయి కాబట్టి రిస్కు తక్కువని వస్తుంది. అందుకే డీయూఐ కోసం విడిగా ఐడీఏ, కార్స్ లాంటి సాధనాలు తయారు చేశారు. మీ తమ్ముడికి దేనితో కొలిచారో అడగండి.

వేపచెట్టు
@మాటసాయం అసెస్‌మెంట్ అయింది. "సివియర్" అని రాశారు. రోజూ తాగుతాడని మాకు అప్పుడే తెలిసింది. 18 నెలలు ఎలా గడుస్తాయో చెప్పండి.

మాటసాయం
అయితే సరైన గుమ్మం ముందే ఉన్నాడు.

చాలా కోర్టులు ఐదు దశల అమరిక వాడతాయి. మొదటిది కనీసం 60 రోజులు. మిగతా నాలుగూ తలా 90. ఒక్కో దశ దాటడానికి వరసగా చుక్క ముట్టని రోజులు చూపించాలి. మొదటిదాంట్లో 14, తర్వాత 30, 45, 60, చివర 90. అన్నీ కలిపితే 420 రోజులు. 18 నెలలని చెప్పారంటే మధ్యలో కాలు జారడాన్ని కూడా లెక్కలో వేసుకున్నారన్నమాట. జారితే ఆ రోజుల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. మళ్ళీ మొదటి దశకి తోసేయరు. అలా తోసేసే కోర్టు అయితే అది పద్ధతి తెలియని కోర్టు.

హియరింగ్ రోజు పొద్దున తలుపులు మూసుకుని టీమ్ కూర్చుంటుంది. జడ్జి, ప్రాసిక్యూటర్, డిఫెన్స్ లాయరు, ప్రొబేషన్ ఆఫీసరు, కౌన్సెలర్, కోఆర్డినేటర్, కొన్నిచోట్ల పోలీసు. ఒక్కొక్కరి ఫైలూ అక్కడ తిరగేస్తారు. మధ్యాహ్నం కోర్టులో జడ్జి అడిగే ప్రశ్నలకి జవాబులు ఆయనకి అప్పటికే తెలుసు. "వారం ఎలా గడిచింది?" అంటే సగం మంది "బాగుందండీ" అనేస్తారు. ఆయన చేతిలో మంగళవారం నాటి ల్యాబ్ కాగితం ఉంటుంది. ఒక్కొక్కరితో కనీసం మూడు నిమిషాలు మాట్లాడే జడ్జిల దగ్గర ఫలితాలు మెరుగ్గా ఉన్నాయని పరిశోధనల్లో తేలింది. ఒకరోజు వెళ్ళి వెనక బెంచీలో కూర్చుని చూడమనండి. ఒక్కో మనిషికి నలభై సెకన్లిచ్చి పంపించేస్తుంటే ఆ కోర్టు సంగతి అర్థమైపోతుంది.

వేపచెట్టు
ఒక్కసారి తాగి దొరికితే బయటికేనా?

మాటసాయం
కాదు. వ్యసనం ఉన్నవాడు మొదటి నెలల్లో తాగకుండా ఉండటం దూరపు లక్ష్యం. టైముకి రావడం, టెస్టు ఇవ్వడం, నిజం చెప్పడం దగ్గరి లక్ష్యాలు, ఎవడైనా ఈరోజే చేయగలిగినవి. దూరపుది తప్పితే వైద్యం మారుస్తారు, చిన్న శిక్ష ఉండొచ్చు. దగ్గరిది తప్పితే శిక్ష గట్టిగా ఉంటుంది.

ఉదాహరణకి, ఆదివారం తాగి సోమవారం పొద్దునే ప్రొబేషన్ ఆఫీసరుకి ఫోన్ చేసి చెప్పినవాడికి వారానికి ఇంకో గ్రూపు, ఓ ఎనిమిది గంటల కమ్యూనిటీ సర్వీస్ పడతాయి. అదే ఆదివారం తాగి, సోమవారం లీటర్ల కొద్దీ నీళ్ళు పట్టించి పల్చటి శాంపిల్ ఇచ్చి, జడ్జి అడిగితే "లేదండీ" అన్నవాడు రెండ్రోజులు లోపలికెళ్తాడు. తాగింది ఇద్దరూ అంతే. జైలు ఇచ్చినా మూడు నుంచి ఆరు రోజులు దాటకూడదని జాతీయ ప్రమాణాలు చెబుతాయి. అంతకు మించితే ఉద్యోగం పోవడం తప్ప లాభం లేదు.

చేదునిజం
@మాటసాయం పెద్దవాళ్ళకి చప్పట్లు, కీచైన్లు, గిఫ్ట్ కార్డులు. ఎల్‌కేజీలా ఉంది. ఇంత తతంగం లేకుండానే సౌత్ డకోటా వాళ్ళు చేసి చూపించారు. రోజుకి రెండుసార్లు వచ్చి ఊదు, తాగితే రాత్రికి లోపలికి. థెరపీ లేదు, 22 పేజీలు లేవు.

కృష్ణాతీరం
అది 24/7 సోబ్రైటీ ప్రోగ్రామ్. 2005లో మొదలైంది, అప్పటి అటార్నీ జనరల్ లారీ లాంగ్ హయాంలో. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, దాదాపు 12 గంటల తేడాతో ఊదాలి. తప్పితే అక్కడికక్కడే ఒకటి రెండు రాత్రులు జైలు. 2013లో రాండ్ సంస్థ పరిశోధకులు లెక్క తీస్తే, కౌంటీ స్థాయిలో రెండోసారి డీయూఐ అరెస్టులు 12 శాతం, గృహహింస అరెస్టులు 9 శాతం తగ్గాయి. @చేదునిజం చెప్పింది గాలి మాటేమీ కాదు.

కాకపోతే ఈ రెండూ ఒకటికొకటి పోటీ కాదు. భయంతో మానగలిగినవాళ్ళు చాలామంది ఉంటారు, 24/7 వాళ్ళని ఏరేస్తుంది. రోజుకి రెండుసార్లు ఊదాలని తెలిసీ ఊదలేకపోయేవాళ్ళే డీయూఐ కోర్టు సరుకు. ఈ కోర్టులు డ్రగ్ కోర్టుల్లోంచి పుట్టాయి. మొదటి డ్రగ్ కోర్టు 1989లో మయామీలో వచ్చింది. తాగి నడిపేవాళ్ళ కోసం విడిగా పెట్టింది న్యూమెక్సికో రాష్ట్రం డోన్యా ఆనా కౌంటీలో, 1995లో.

పెసరట్టు
"సరుకు" అంటున్నారు, జాగ్రత్త. ఇక్కడ సరుకు అంటే వేరే అర్థం.

ల్యాబ్‌కోటు
నీళ్ళు పట్టించే మాట ఎత్తారు కాబట్టి టెస్టుల సంగతి ఇక్కడే పూర్తిగా రాసేస్తా. సగం గొడవలు దీని దగ్గరే.

ఊదితే తెలిసేది కొన్ని గంటల వరకే. మనిషి రక్తంలో ఆల్కహాల్ గంటకి సుమారు 0.015 శాతం చొప్పున దిగుతుంది, కాఫీ తాగినా చన్నీళ్ళ స్నానం చేసినా అంతే. అందుకని కోర్టులు యూరిన్‌లో ఈటీజీ చూస్తాయి. లివర్ ఆల్కహాల్‌ని కరిగించేటప్పుడు మిగిలే ఆనవాలు అది. బాగా తాగితే 80 గంటల దాకా కనపడొచ్చు. ఒకట్రెండు పెగ్గులైతే ఒక రోజు, కాస్త అటూఇటూ. శుక్రవారం రాత్రి తాగి సోమవారం టెస్టు ఇవ్వచ్చనే లెక్క దీనితోనే చెడింది.

పొద్దునే ఒక నంబరుకి ఫోన్ చేయాలి. రికార్డింగ్‌లో ఈరోజు రంగు చెబుతారు. మీ రంగు వస్తే కొన్ని గంటల్లో వెళ్ళాలి. శని, ఆదివారాలూ, పండగలూ అన్నీ కలిసే. నిన్న ఇచ్చానుగా ఈరోజు రాదులే అనుకోకూడదు, వరసగా రెండ్రోజులు వచ్చేలా కావాలనే పెడతారు. వెళ్ళకపోతే పాజిటివ్ కిందే లెక్క.

అక్కడ గిన్నె చేతికిస్తారు. ఎదురుగా మనిషి నిలబడి చూస్తాడు, మొహమాటం ఉండదు. గిన్నెకి అతికించిన పట్టీ మీద వేడి కనపడుతుంది. ఇచ్చిన నాలుగు నిమిషాల్లో 90 నుంచి 100 ఫారన్‌హీట్ మధ్య ఉండాలి. తర్వాత క్రియాటినిన్ చూస్తారు. డెసిలీటరుకి 20 మిల్లీగ్రాముల కన్నా తక్కువ ఉండి, సాంద్రత 1.003 లోపుంటే "పల్చన" అని ముద్ర. చాలా కోర్టుల్లో పల్చన అంటే దాచాడనే అర్థం. టెస్టుకి ముందు రెండు గంటల్లో ఒక గ్లాసు నీళ్ళు చాలు. నిమ్మరసం, మజ్జిగ, గ్రీన్ టీ లాంటి ఇంటర్నెట్ చిట్కాలన్నీ శాంపిల్‌ని పల్చన చేయడానికే పనికొస్తాయి.

దీనిపైన పెత్ అనే రక్తపరీక్ష ఉంది. రెండు నుంచి నాలుగు వారాల వెనక్కి చూపిస్తుంది. ఎర్ర రక్తకణాల పొరలో, ఆల్కహాల్ ఉన్నప్పుడు మాత్రమే తయారయ్యే పదార్థం అది. నీళ్ళు తాగితే పల్చబడేది కాదు.

ఉల్లిదోశ
@ల్యాబ్‌కోటు శానిటైజర్ రాసుకుంటే ఈటీజీ పాజిటివ్ వస్తుందంటారు, నిజమేనా? ఇంట్లో పెద్దవాళ్ళు పంపే అరిష్టాల మాటేంటి?

ల్యాబ్‌కోటు
రెండూ మంచి ప్రశ్నలే, జవాబులు వేరు.

శానిటైజర్: రోజంతా పదేపదే రాసుకుని ఆవిరి పీలిస్తే 100 నానోగ్రాముల కటాఫ్ (ఇది దాటితే పాజిటివ్ అనే హద్దు) దాటొచ్చు. అందుకే ఎక్కువ కోర్టులు 500 వాడతాయి. ఈటీజీ ఒక్కదాన్నే పట్టుకుని శిక్ష వేయొద్దని 2006లోనే ఫెడరల్ ఆరోగ్య సంస్థ సామ్సా హెచ్చరించింది. మీ కోర్టు కటాఫ్ ఎంత అన్నది కచ్చితంగా అడగాల్సిన ప్రశ్న.

అరిష్టాలు, ఆసవాలు: వీటికి సాకు లేదు. ద్రాక్షాసవం, దశమూలారిష్టం పులియబెట్టే తయారు చేస్తారు, 5 నుంచి 10 శాతం దాకా ఆల్కహాల్ ఉంటుంది. బీరుతో సమానం. హోమియో చుక్కల మందులు, ఆల్కహాల్ ఉన్న దగ్గు సిరప్‌లు, మౌత్‌వాష్, కొంబుచా, 35 శాతం ఆల్కహాల్ ఉండే వెనిలా ఎక్స్‌ట్రాక్ట్, అన్నీ ఒప్పందంలో నిషేధం జాబితాలోనే ఉంటాయి. "తెలియక తాగాను" అంటే, జాబితా మీద మీ సంతకం చూపిస్తారు.

మనవాళ్ళకి ఇంకోటి చెప్పాలి. గసగసాలు. కూరలో గసగసాల ముద్ద వేస్తే యూరిన్‌లో మార్ఫిన్, కోడీన్ కనపడొచ్చు. ఫెడరల్ ఉద్యోగుల టెస్టుల్లో ఓపియేట్ (మార్ఫిన్ లాంటి నల్లమందు జాతి మందుల) కటాఫ్‌ని 1998లో 300 నానోగ్రాముల నుంచి 2000కి పెంచింది ఈ గింజల గొడవ వల్లే. ట్రీట్‌మెంట్ కోర్టులు చాలావరకు ఇంకా 300 దగ్గరే ఆగాయి. ఆల్కహాల్ కేసైనా ప్యానెల్‌లో డ్రగ్స్ కూడా ఉంటాయి. ఏడాదిన్నర జీడిపప్పు ముద్దతో సరిపెట్టుకోమనండి.

ఉల్లిదోశ
షుగర్ ఉన్నవాళ్ళకి తాగకపోయినా వస్తుందని కూడా విన్నా.

ల్యాబ్‌కోటు
యూరిన్‌లో చక్కెర, పైగా ఈస్టో బాక్టీరియానో ఉంటే సీసాలోనే ఆల్కహాల్ పుట్టొచ్చు, దానితో ఈటీజీ కూడా. ఈటీఎస్ అనే రెండో ఆనవాలు అలా పుట్టదు. అందుకే ఈటీజీతో పాటు ఈటీఎస్ కూడా వచ్చిందా అని చూడాలి. అక్కడే ఇచ్చిన గిన్నె టెస్టుని ఒప్పుకోకపోతే ఎల్‌సీ-ఎంఎస్ కన్ఫర్మేషన్, అంటే ల్యాబ్‌లో చేసే నిర్ధారణ పరీక్ష, అడగొచ్చు. ఖర్చు ముందు మీరే పెట్టాలి, నెగటివ్ వస్తే కొన్నిచోట్ల వెనక్కిస్తారు. నిజంగా తాగి కన్ఫర్మేషన్ అడిగితే మాత్రం డబ్బూ పోతుంది, అబద్ధం ఆడాడనే పేరూ వస్తుంది.

స్పానర్
ఇంటర్‌లాక్ సంగతి నేను చెప్తా. ఎక్కువ రాష్ట్రాల్లో 0.02 దగ్గర బండి స్టార్ట్ కాదు. లెక్క చూడండి. అర్ధరాత్రికి 0.16 ఉన్నవాడు, @ల్యాబ్‌కోటు చెప్పిన లెక్కన, పొద్దున ఎనిమిదికి ఇంకా 0.04 మీద ఉంటాడు. నిద్ర లేచాడు, తల దువ్వుకున్నాడు, ఊదాడు, ఫెయిల్. ఎక్కువ ఫెయిళ్ళు పొద్దుటిపూటవే.

నోట్లో మిగిలిన ఆల్కహాల్ వేరే. మౌత్‌వాష్ పుక్కిలించి వెంటనే ఊదితే భారీ అంకె చూపిస్తుంది. 15 నిమిషాలకి పోతుంది. నోరు నీళ్ళతో కడిగి, పావుగంట ఆగి మళ్ళీ ఊదాలి. రెండో ఊదుడు శుభ్రంగా వస్తే అది నోటి ఆల్కహాలని రికార్డు చూసినవాళ్ళకి అర్థమవుతుంది. కంగారుపడి బండి వదిలేసి వెళ్ళిపోతే రికార్డులో ఫెయిల్ ఒక్కటే మిగులుతుంది.

బండి నడుస్తుండగా మళ్ళీ ఊదమంటుంది. ఇంజిన్ మధ్యలో ఆగిపోదు, ఆ భయం వద్దు. ఊదకపోతే హారన్, లైట్లు మొదలై రోడ్డంతా చూస్తుంది. పెట్రోల్ బంకులో ఇంజిన్ ఆపకుండా లోపలికెళ్ళి, మెషీన్ పిలిచినప్పుడు లేకపోవడం వల్ల పడే కేసులు బోలెడు. బ్యాటరీ తీస్తే అదీ రికార్డవుతుంది. మెకానిక్ దగ్గరికి వెళ్తే ముందే ఇంటర్‌లాక్ కంపెనీకి చెప్పి, రసీదు దాచుకోవాలి. 30 లేక 60 రోజులకోసారి కాలిబ్రేషన్. మర్చిపోతే బండి లాక్, టోయింగ్ ఖర్చు మీదే. ఇంట్లో ఎవరు నడిపినా ఊదాల్సిందే. కెమెరా ఉంటుంది కాబట్టి వేరేవాళ్ళతో ఊదించే ఆలోచన మానుకోండి.

పెసరట్టు
@స్పానర్ పులిసిన ఇడ్లీపిండి మీద కేసు పెట్టొచ్చా?

స్పానర్
ఆవిరి మీద ఉడికాక దాంట్లో ఏం మిగలదు. తిన్నాక నోరు కడిగి పావుగంట ఆగితే ఏ టిఫినూ సాక్ష్యం చెప్పదు.

చేదునిజం
కాలికి కట్టే బ్రేస్‌లెట్ ఎవరూ ఎత్తలేదే?

ల్యాబ్‌కోటు
స్క్రామ్. చెమటలో ఆల్కహాల్‌ని ప్రతి 30 నిమిషాలకీ కొలుస్తుంది. తాగితే గీత మెల్లగా పైకెళ్ళి ఇంకా మెల్లగా దిగుతుంది. స్ప్రే, లోషన్ తగిలితే నిట్టనిలువుగా లేచి గబుక్కున పడిపోతుంది. విశ్లేషించేవాళ్ళు ఈ రెండు గీతల తేడానే చూస్తారు. సాక్సు అడ్డం పెడితే ఇన్‌ఫ్రారెడ్ పట్టేస్తుంది. షవర్ చేయొచ్చు, టబ్బులో కూర్చోవడం, ఈత కుదరవు. రోజుకి పది పదిహేను డాలర్ల దాకా అవుతుంది కాబట్టి చాలా కోర్టులు మొదటి దశలోనో, జారినవాళ్ళకో మాత్రమే వేస్తాయి.

రాత్రిడ్యూటీ
ఇంతమంది రాశారు, అసలు ప్రమాదం ఎవరూ అనలేదు. రోజూ తాగేవాడు సంతకం పెట్టిన రోజే టకీమని ఆపేయకూడదు. ఆఖరి పెగ్గు తర్వాత 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకి డెలీరియం, అంటే ఒళ్ళంతా వణుకు, చెమటలు, లేనివి కనపడటం. ప్రాణం పోయే పరిస్థితి అది. @చేదునిజం గారూ, మీ 45 రోజుల జైల్లో మొదటి మూడు రోజులే అన్నిటికన్నా చెడ్డవి. జైలుకైనా, ప్రోగ్రామ్‌కైనా ముందు డాక్టరుకి ఎంత తాగుతున్నాడో నిజం చెప్పి, అవసరమైతే ఆసుపత్రిలో డీటాక్స్ చేయించుకుని వెళ్ళాలి. లోపలికి వెళ్ళేటప్పుడు నర్సు అడుగుతుంది, సిగ్గుపడి "అప్పుడప్పుడు" అనకూడదు.

మందులు కూడా ఉన్నాయి. నాల్ట్రెక్సోన్ రోజుకి 50 మిల్లీగ్రాముల మాత్ర, లేదా నాలుగు వారాలకోసారి 380 మిల్లీగ్రాముల ఇంజెక్షన్. యావ తగ్గిస్తుంది. ఓపియాయిడ్ నొప్పి మాత్రలు వాడుతుంటే వాటిని ఆపి 7 నుంచి 10 రోజులు ఆగాకే మొదలుపెట్టాలి. అకాంప్రొసేట్ 333 మిల్లీగ్రాములవి రెండేసి, రోజుకి మూడుసార్లు. కిడ్నీ పరీక్ష చూశాకే ఇస్తారు. డైసల్ఫిరామ్ వేసుకుని తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. @ల్యాబ్‌కోటు జాబితాలోని అరిష్టం కూడా అందుకు సరిపోతుంది. "మందులు వాడితే ప్రోగ్రామ్‌లో ఉండనివ్వం" అనే కోర్టు ఎక్కడైనా ఉంటే లాయరు గట్టిగా ప్రశ్నించాలి, జాతీయ ప్రమాణాలకే విరుద్ధం అది.

వీసాబాధ
హెచ్-1బీ అన్నారు కాబట్టి. 2015 నుంచి విదేశాంగ శాఖ, గత ఐదేళ్ళలో డీయూఐ అరెస్టు ఉంటే వీసా రద్దు చేసే పద్ధతి పెట్టుకుంది. అరెస్టు చాలు, శిక్ష పడక్కర్లేదు. మెయిల్ వస్తుంది, కొందరికి స్పామ్‌లో పడి ఉంటుంది. స్టాంపు రద్దయినంత మాత్రాన దేశంలో ఉండే హక్కు పోదు, ఐ-94 (దేశంలో ఉండే గడువు చూపించే రికార్డు) ఉన్నంతవరకు పని చేసుకోవచ్చు. కానీ ఒకసారి దేశం దాటితే కొత్త స్టాంపు లేకుండా తిరిగి రాలేడు. వీసా దరఖాస్తు డీఎస్-160లో అరెస్టు ప్రశ్నకి "అవును" అనాల్సిందే. ఐదేళ్ళలో ఒకటి లేక పదేళ్ళలో రెండు ఉంటే కాన్సులేట్ ప్యానెల్ డాక్టరు దగ్గరికి పంపుతుంది. అక్కడ ఆల్కహాల్ వ్యసనం, దానివల్ల ప్రమాదకర ప్రవర్తన ఉందని తేలితే, తగ్గి 12 నెలలైందని చూపించేదాకా వీసా రాదు.

ఈ ప్రోగ్రామ్ ఇక్కడ రెండువైపులా కోస్తుంది. "సివియర్" అని ఫైల్లో ఉండటం ఒకవైపు. ఏడాదిన్నర వరస నెగటివ్ టెస్టుల కాగితాలు ఇంకోవైపు. జైలు ఎంచుకున్నవాడి దగ్గర ఆ రెండోది ఉండదు.

నల్లకోటు
@వీసాబాధ చెప్పినదానికి జోడింపు. కొన్నిచోట్ల "నేరం ఒప్పుకో, పూర్తి చేస్తే కేసు కొట్టేస్తాం" అంటారు. రాష్ట్రం కొట్టేసినా, ఒప్పుకోలు ఉండి జడ్జి ఏదో ఒక ఆంక్ష పెట్టి ఉంటే ఇమ్మిగ్రేషన్ చట్టానికి అది కన్విక్షనే. మామూలు డీయూఐ "హింసాత్మక నేరం" కిందికి రాదని 2004లో లియోకల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అది ఊరట. 2019లో అటార్నీ జనరల్ కాస్తిల్యో-పెరెస్ కేసులో, నిర్ణీత కాలంలో రెండు డీయూఐ శిక్షలుంటే సత్ప్రవర్తన లేదనే మొదట అనుకోవాలన్నాడు. ప్రోగ్రామ్‌కి వెళ్ళి బాగుపడ్డాననడం ఒక్కటే దాన్ని తిప్పికొట్టదు. కారులో గంజాయి దొరికి ఉంటే ఆ ముక్క ఒప్పుకోలులోకి రాకుండా చూసుకోవాలి. డీయూఐకన్నా అదే ఇమ్మిగ్రేషన్‌కి ఎక్కువ చేటు. సంతకానికి ముందు ఒక గంట ఇమ్మిగ్రేషన్ లాయరు ఫీజు వేరేగా పెట్టుకోవాలి. క్రిమినల్ లాయర్లలో చాలామందికి ఇవి చేతకావు.

కృష్ణాతీరం
గ్రూపుల్లో ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు) కూడా తప్పనిసరి అంటారు కదా. దైవప్రార్థనతో మొదలవుతుంది. ఇష్టం లేకపోతే?

నల్లకోటు
ఏఏ ఒక్కటే దారి అని ప్రభుత్వం బలవంతం చేయడం రాజ్యాంగ విరుద్ధమని ఫెడరల్ అప్పీలు కోర్టులు, సెవెంత్ సర్క్యూట్ 1996లో, నైన్త్ సర్క్యూట్ 2007లో తీర్పులిచ్చాయి. స్మార్ట్ రికవరీ, లైఫ్‌రింగ్ లాంటి మతం లేనివి ఉన్నాయి. రాతపూర్వకంగా అడిగితే ఇవ్వాలి. అడగకుండా మానేస్తే అది గైర్హాజరే. ఏ మీటింగైనా సంతకం చీటీ తెచ్చుకోవాలి.

చేదునిజం
సరే, జైలు మాట వెనక్కి తీసుకుంటున్నా, మూడు రోజుల సంగతి నాకు తట్టలేదు. డబ్బు మాటేంటి? నెలనెలా ప్రోగ్రామ్ ఫీజు, టెస్టుకింత, ఇంటర్‌లాక్ అద్దె, గ్రూపుకి కో-పే. ఉద్యోగం లేనివాడు ఏం చేయాలి?

మాటసాయం
ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గించే పట్టిక ఉంటుంది, అడిగితేనే తీస్తారు. డబ్బుల్లేవని టెస్టుకి మానేయడం అన్నిటికన్నా చెడ్డ పని. జేబు ఖాళీ అయినా వెళ్ళి "ఈరోజు కట్టలేను" అని ల్యాబ్‌లో రాయించుకుని కేస్ మేనేజరుకి చెప్పాలి. బాకీ వాయిదాలకి వస్తుంది. ఎగ్గొట్టిన టెస్టు రాదు.

లైసెన్సు సస్పెన్షన్‌లో ఉండగా హియరింగ్‌కి సొంతకారులో వచ్చేవాళ్ళుంటారు. పోలీసు టీమ్‌లో ఉంటాడని ముందే రాశా. పార్కింగ్‌లో నిలబడి ఎవరు ఏ తలుపు తీసుకుని దిగారో చూస్తాడు. బస్సో, స్నేహితుడో, ఆఫీసువాళ్ళో, మొదటి వారంలోనే రవాణా ఏర్పాటు కాగితం మీద రాసుకోవాలి.

వేపచెట్టు
గ్రూపులో చెప్పిన మాటలు ప్రాసిక్యూటర్ చేతికి వెళ్తాయా?

నల్లకోటు
చికిత్స రికార్డులకి 42 సీఎఫ్ఆర్ పార్ట్ 2 అనే ఫెడరల్ రక్షణ ఉంది. కానీ ప్రోగ్రామ్‌లో చేరేటప్పుడే టీమ్‌తో పంచుకోవడానికి అనుమతి పత్రం తీసుకుంటారు, మధ్యలో దాన్ని వెనక్కి తీసుకోవడం కుదరకపోవచ్చు. హాజరు, పురోగతి, టెస్టు ఫలితాల వరకే అని ఆ పత్రంలో హద్దు రాయించండి. "పాత నేరాలు ఒప్పుకుంటే కొత్త కేసు పెట్టం" అనే వాక్యం ఒప్పందంలో ఉందో లేదో చూడండి.

వేపచెట్టు
గురువారం లోపు అడగాల్సినవి రాసుకున్నా. వెళ్ళగొడితే చేసిన నెలల లెక్క, ఈటీజీ కటాఫ్, ఈటీఎస్ చూస్తారా, అనుమతి పత్రం హద్దు, పాత నేరాల వాక్యం, ఫీజు పట్టిక. ఇమ్మిగ్రేషన్ లాయరుతో రేపు అపాయింట్‌మెంట్ దొరికింది. డాక్టరు దగ్గరికి ఈ సాయంత్రమే తీసుకెళ్తున్నాం. ఇంటికి వెళ్ళి చూస్తే ఫ్రిజ్ మీద దశమూలారిష్టం సీసా ఉంది.

ల్యాబ్‌కోటు
సింకులో వొంపేయండి. రంగు నంబరుకి పొద్దున ఒకటి కాదు, రెండు అలారాలు పెట్టించండి. రెండోది మీ ఫోన్లో.